శివారు దాకా ఛార్జి

లస్కరు అబ్బులు పెళ్ళి మాట ఎత్తిన రోజే కాలువ కట్టేశారు.

డెల్టాలో ఎండలు ముదిరితే కాలువ కట్టెయ్యడం మామూలే. లాకు తలుపులు దించేస్తారు. అడుగున బురద ఎండి పెంకులు కడుతుంది. లాకు తలుపులు ఎత్తి దించే లస్కర్లకి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా పని ఉండదు, జీతం ఉంటుంది. పని లేక జీతం ఉన్న మనిషికి ఆలోచనలు వస్తాయి. సగం వయసుకి పైగా లాకు తలుపులతోనే గడిపేసిన అబ్బులుకి కూడా ఒకటి వచ్చింది.

తాయారు లాకుల వీధిలో ఆఖరింట్లో ఉంటుంది. ముందు గదిలో కొట్టు పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మొగుడు పోయి చాలా కాలమైంది. మాట పదును, కుట్టు అంతకన్నా గట్టి. అబ్బులు ఆమె చేత చొక్కాకి బొత్తాలు కుట్టించుకోవడం కోసం ఉన్న బొత్తాలు ఊడగొట్టుకుని మరీ వెళ్ళేవాడు. ఆమె కుట్టిన బొత్తాం లాగినా ఊడదు. అలా ఒక్కొక్కటీ గట్టిపడిపోయి, ఇక వెళ్ళడానికి సాకు మిగలని రోజున మాట బయటపెట్టేశాడు.

తాయారు కత్తెర పక్కన పెట్టింది.

"మొహం మీద చెప్పలేనండి. ఫోన్లో చెప్తాను."

ఎప్పుడని అడిగాడు అబ్బులు. కాలువ వదిలే రోజుకి తన అన్నయ్య వస్తున్నాడనీ, కొట్టు మూసేసి వాళ్ళ ఊరు వచ్చెయ్యమంటున్నాడనీ, ఆ లోపే ఏ సంగతీ చెప్పేస్తాననీ అంది. అబ్బులు ఇంటికొచ్చి ఫోను నిండా ఛార్జి ఎక్కించి, దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే లాకు దగ్గరికి జీపొచ్చింది. అందులోంచి కార్యనిర్వాహక ఇంజనీరు సదానందంగారు దిగారు. ఆయన మామూలు మనిషే గానీ నోరు తెరిస్తే ఉత్తర్వులాగే వినబడుతుంది. భోజనం ఎలా ఉందని అడిగితే "సంతృప్తికరముగా ఉన్నదని తెలియజేయడమైనది" అంటారు. లస్కర్లందర్నీ రేకుల షెడ్డులోకి పిలిచి సంగతి చెప్పారు.

సంగతి ఏమిటంటే, ఇంటింటా అడాప్టర్లు ఎక్కువైపోయాయి. ఫోనుది గడ్డం గీసే మిషనుకి పట్టదు. దానిది దోమల బ్యాటుకి పట్టదు. దోమల బ్యాటుది దేనికీ పట్టదు. ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా నిండా వైర్లు చిక్కుపడి ఉంటాయి, కావలసింది మాత్రం అందులో ఉండదు. అందుకని ప్రభుత్వం అన్నిటికీ పట్టే ఒకే రకం అడాప్టరు చేయించింది. ఇది మంచి సంగతేనని అందరూ అనుకున్నారు. అబ్బులు కూడా అనుకున్నాడు. నిజంగా మంచిదే.

దాన్ని అమలు చేసేది ఎవరన్న దగ్గరే చిక్కొచ్చింది. కరెంటు వాళ్ళు తమ హద్దు గోడలో ప్లగ్గు దాకానే అన్నారు. ఫోను వాళ్ళు తమది గాలిలో వ్యవహారం అన్నారు. పురపాలక సంఘం వాళ్ళు, పాడైపోయాక పంపిస్తే అప్పుడు చూస్తామన్నారు. ఫైలు తిరిగి తిరిగి కాలువల శాఖ దగ్గర ఆగింది. అక్కడ మనుషులు ఖాళీగా ఉన్నారు.

"మిత్రులారా, తీగలో విద్యుత్తు ప్రవహించునని శాస్త్రము చెప్పుచున్నది. ఎగువ నుండి దిగువకు ప్రవహింపజేయుటలో మన శాఖను మించినది లేదు. గోడలోని ప్లగ్గును తూముగను, తీగను కాలువగను, ఫోనును చేనుగను భావించి విధులు నిర్వర్తించవలెను," అన్నారు సదానందంగారు.

లస్కర్లకి ఇది వెంటనే అర్థమైపోయింది. అర్థం కాకపోయి ఉంటే ఇంత జరిగేది కాదు.

ముందు పాత అడాప్టర్లు వసూలు చెయ్యాలి. లస్కర్లు గోనెసంచులు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. రిటైరైన హెడ్మాస్టరు గారు గడ్డం సగం గీసుకుని ఉండగా ఆయన మిషను వైరు పట్టుకుపోయారు. భజన మండలి వాళ్ళ శ్రుతి పెట్టె అడాప్టరు తీసేస్తే, వాళ్ళు ఆ సాయంత్రం నోటితో శ్రుతి పట్టమని ఒకాయన్ని కూర్చోబెట్టారు. ఆయన మధ్యలో కునుకు తీశాడు, పాట అక్కడే కుంగిపోయింది. అబ్బులు అందరి దగ్గరా వసూలు చేసి, చివర్లో తన ఇంటికెళ్ళి తన ఛార్జరు కూడా తన చేత్తోనే సంచిలో వేశాడు. ఆ పూట అతనికి ఏమీ తట్టలేదు. ఫోనులో ఛార్జి నిండుగా ఉంది మరి.

వసూలైన వాటిని ఏం చెయ్యాలని అడిగితే, కాలువ గట్టు బలహీనంగా ఉన్న చోట ఇసుక బస్తాలకి బదులు వెయ్యమన్నారు. ఇసుక కన్నా గట్టిగా ఉన్నాయని తనిఖీ వాళ్ళు సర్టిఫికెట్టిచ్చారు. తన గడ్డం మిషను వైరు వరదని ఆపుతుందని కలలో కూడా అనుకోలేదని హెడ్మాస్టరు గారు సగం గడ్డంతో అందరికీ చెప్పుకున్నారు.

కొత్త అడాప్టరు ఇటుకంత ఉంది. నల్లగా, బరువుగా, మొక్కజొన్న కండెకి పీచులా వైర్లతో ఉంది. పెట్టి చూస్తే అన్నిటికీ పట్టింది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టి, మరి మాది ఏదీ అన్నారు.

సదానందంగారు ఈ ప్రశ్నకి సిద్ధంగానే ఉన్నారు. ఇంతకు ముందు రకాలు ఎక్కువ గనక అడాప్టర్లు ఎక్కువ కావలసి వచ్చాయి. ఇప్పుడు ఉన్నది ఒక రకం. ఒక రకానికి ఒకటి చాలు. కనుక వీధికి ఒక్కటి. కాలువ నీరు ఒక్కటే అయినా అన్ని చేలకీ పారడం లేదా అన్నారు. పారడం లేదని శివారు రైతు ఎవడైనా అక్కడ ఉంటే చెప్పేవాడు, కానీ శివారు వాళ్ళు దూరం నుంచి వచ్చేసరికి మీటింగు అయిపోయింది.

లాకుల వీధి అడాప్టరుకి అబ్బులు కాపలా. వంతులవారీగా ఇవ్వాలి. లాకు పక్క మొదటిల్లు ఎగువ. అక్కణ్ణించి ఇల్లు దాటుకుంటూ ఆఖరింటి దాకా పోవాలి. ఆఖరిల్లు శివారు. కాపలా ఉన్నవాడు తన కాలువలో తను దోసెడు నీళ్ళు తాగకూడదన్నట్టు, లస్కరు తన ఫోను అందులో పెట్టకూడదు. "కాపలాదారు ఆయకట్టుదారు కాజాలడు," అన్నారు సదానందంగారు. ఆయకట్టుదారు అంటే మామూలుగా కాలువ కింద పొలం ఉన్నవాడు. ఇప్పుడు ఫోను ఉన్నవాడు.

అబ్బులు ఫోను మర్నాడు అతని కళ్ళ ముందే పోయింది. ఎర్రగీత ఒకసారి వెలిగి ఆరింది. తాయారు చెప్పేదేదో వినాలంటే ఇప్పుడు రెండు ఫోన్లు బతకాలి. తనది ఎలాగూ బతకదు. కనీసం ఆమెది బతికితే, ఏ పొరుగూరి వాళ్ళ ఫోనుకైనా కబురు పంపుతుందేమోనని ఆశపడ్డాడు. అందుకని ఆ ఇటుకని గంపలో పెట్టుకుని వీధి మొదటికి చాలా హుషారుగా బయల్దేరాడు.

మొదటిల్లు రైసుమిల్లు వీరభద్రంగారిది. ఆయన ఫోన్లు పెట్టారు. తరవాత ఆవిడ ఫోను, కోడళ్ళ ఫోన్లు, మనవడి రైలుబండి, మిల్లు గుమాస్తా టార్చిలైటు పెట్టారు. అవి అయ్యాక ఒక అలమారు తెరిచారు. అందులో ఛార్జి నింపి దాచుకునే పెట్టెలు వరసగా ఉన్నాయి. ఎగువ రైతు తన పొలంలో చెరువు తవ్వుకుని కాలువ నీళ్ళు నింపుకున్నట్టన్నమాట. నిబంధనల్లో చెరువు తవ్వకూడదని లేదు. అబ్బులు అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ ఇచ్చారు, తాగాడు. మధ్యాహ్నం భోజనం పెట్టారు, తిన్నాడు. అలా కొన్నాళ్ళు తిన్నాడు.

రెండో ఇంటి వాళ్ళు గోడకి కన్నం పెట్టి పక్కింటి బావమరిదికి వైరు లాగారు. దాన్ని దొంగతూము అన్నారు. తనిఖీ దళం వచ్చి సిమెంటుతో కన్నం మూసి, బయట ఎర్ర జెండా పాతి వెళ్ళింది. మేడ మీద అద్దెకున్నాయన వంతు వస్తే, ఇద్దరు సర్వేయర్లు కొలబద్ద పట్టుకుని మెట్లెక్కి చూసి, ఇది మెరక, పల్లం నుంచి మెరకకి ఛార్జి ఎక్కదు, ఎత్తిపోతల పథకం మంజూరైతే చూస్తామని రాసుకున్నారు. ఆయన ఫోనుని చాంతాడుకి కట్టి కిందకి దించాడు. పల్లంలోకి వచ్చిన ఫోనుకి ఛార్జి ఎక్కింది. లెక్క సరిపోయిందని సర్వేయర్లు సంతోషపడ్డారు.

ఇదిలా ఉండగా లస్కర్లు ఎగువ ఇళ్ళల్లో మజ్జిగలు తాగి వంతు అక్కడే ఆపేస్తున్నారని ఫిర్యాదు వెళ్ళింది. నిజమే కాబట్టి సదానందంగారికి కోపం వచ్చింది. లస్కరు ఆయకట్టుదారులతో రెండే మాటలు అనాలని ఉత్తర్వు చేశారు. వంతు వచ్చింది. వంతు అయిపోయింది. ఇంకో మాట అంటే ఉద్యోగం ఉండదు. అది కనిపెట్టడానికి గొడుగు వేసుకున్న ఒక ఇన్‌స్పెక్టరుని అబ్బులు వెనకాల పెట్టారు.

అబ్బులు ఆ సాయంత్రం వీధి చివరిదాకా నడిచి తాయారు గుమ్మం ముందు నిలబడ్డాడు. వంతు ఇంకా రాలేదని చెప్పాలి. ఆ మాట ఉత్తర్వులో లేదు. నువ్వు చెప్తానన్న మాట ఏమైందని అడగాలి. అదీ లేదు. వెనక గొడుగు ఉంది.

తాయారు మిషను ఆపింది. "ఏవండీ, మాట పడిపోయిందా?"

అబ్బులు ఉన్న రెండింట్లో ఒకటి ఎంచుకున్నాడు. "వంతు అయిపోయిందండి."

"వచ్చిందెప్పుడండీ, అయిపోవడానికి?"

తాయారు అతన్నీ గొడుగునీ మార్చి మార్చి చూసింది.

"నా మాటక్కూడా అంతేనా? రాకుండానే అయిపోయిందా?"

అబ్బులు కాదని తల అడ్డంగా ఊపాడు. తల ఊపడం మాట కిందకి వస్తుందా రాదా అని ఇన్‌స్పెక్టరు ఆలోచనలో పడ్డాడు. ఆయన తేల్చుకునే లోపల తాయారు తలుపు వేసేసింది.

ఆ రాత్రి అబ్బులు తోటి లస్కరు నూకరాజుని పంపి అసలు సంగతి చెప్పిద్దామనుకున్నాడు. కానీ నూకరాజు కూడా రెండు మాటలే అనాలి. వాడు వెళ్ళి ఆమెతో "వంతు వచ్చింది" అంటే ఆమె ఇంకోలా అనుకునే ప్రమాదం ఉంది. నూకరాజుకి ఇంకా పెళ్ళి కాలేదు. ఆ ఆలోచన మానుకున్నాడు.

శివారు ఫోన్లు ఎండిపోయాయన్న వార్త ఊరు దాటింది. ప్రజాప్రతినిధి ఒకాయన భుజాన కండువాతో పరామర్శకి వచ్చాడు. జనం చచ్చిపోయిన ఫోన్లు పళ్ళెంలో పెట్టి చూపించారు. ఆయన ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, ఎండిన వరిదుబ్బు పీకి చూసినట్టు తిప్పి చూసి నిట్టూర్చాడు. ఒక ఫోను అద్దం నెర్రెలు బారి ఉంది. అది స్నానాల గదిలో జారిపడింది. ఆయన దాన్ని పైకెత్తి పట్టుకుంటే పేపరు వాళ్ళు ఫోటోలు తీశారు. మర్నాడు పేపర్లో దాని కింద కరువు అని వేశారు.

దానితో శాఖ కదిలింది. ఛార్జి శివారుకి పారకపోవడానికి కారణం పూడిక అని తేల్చారు. ప్రతి ఫోను కింద కన్నంలోనూ దుమ్ము పేరుకుని ఉందిట. పూడికతీతకి టెండరు పిలిచారు. కాంట్రాక్టరు మనుషులు గుండుసూదులు పట్టుకుని ఇళ్ళల్లోకి దిగారు. వీధి వీధంతా తీస్తే వచ్చిన దుమ్ము ముక్కుపొడుం డబ్బాలో సగానికి కూడా రాలేదు. ఆ మాత్రానికి బిల్లు పాసవ్వదు. అందుకని ఎండిన కాలువలోంచి లారీలతో మట్టి తెచ్చి వీరభద్రంగారి ఇంటి ముందు కుప్ప పోసి, ఫోన్లలోంచి తీసిన పూడిక అని బోర్డు పెట్టారు. వీరభద్రంగారు ఇంట్లోంచి బయటికి రావడానికి నిచ్చెన వేసుకోవలసి వచ్చింది. వీధిలో చాలామందికి ఈ పథకం మీద కొంచెం గౌరవం కలిగింది ఆ రోజే.

తరవాతి సమీక్షలో ఎవరో ఒక ప్రశ్న వేశారు. చేను తడిశాక మిగిలిన నీరు మురుగు కాలువలోకి పోతుంది. మరి ఫోను నిండాక మిగిలిన ఛార్జి ఎక్కడికి పోతోంది? సదానందంగారి మొహం పాలిపోయింది. "మురుగు దారి లేని ఆయకట్టు ముంపునకు గురియగును," అన్నారు మెల్లిగా. అప్పటిదాకా ఊరు మునగకపోవడం అదృష్టమనే అందరూ ఒప్పుకున్నారు. మిగులు ఛార్జిని సముద్రంలో కలపడానికి పటం మీద ఒక మురుగు వైరు గీశారు. చేపలకి ఏమైనా అవుతుందేమోనని జాలర్ల అభిప్రాయం కూడా అడిగారు. ఛార్జి దండగగా సముద్రం పాలవుతోందని వెంటనే ఒక అఖిలపక్షం ధర్నాకి కూర్చుంది. వైరు ఇంకా వెయ్యనే లేదు.

ఇన్ని జరిగినా శివారుకి మాత్రం చుక్క ఛార్జి చేరలేదు. కాలువ వదిలే రోజు దగ్గర పడింది. తాయారు కొట్టు ముందు సగం కుట్టిన జాకెట్లు ఎవరివి వాళ్ళకి ఇచ్చేస్తోంది. అబ్బులు అది చూశాడు. కొట్టు సర్దుతోందంటే వెళ్ళిపోతోందనేగా.

ఆఖరి సమీక్షలో సదానందంగారు అసలు లోపం కనిపెట్టారు. వీధికొక అడాప్టరు ఉండడం వల్ల ప్రవాహం ముక్కలు ముక్కలుగా పోతోంది. వీధులన్నిటి అడాప్టర్లూ తీసేసి, డివిజను మొత్తానికి ఒకే ఒక్క ప్రధాన అడాప్టరు లాకు దగ్గర పెట్టాలి. అక్కణ్ణించి ఒకే వైరు అన్ని ఊళ్ళూ చుట్టి రావాలి. కాలువ ఎప్పుడూ వంకరగానే పోతుంది గనక వైరు కూడా వంకరగానే పోవాలి. అలా గీస్తే అది డివిజను అంతా తిరిగి మళ్ళీ లాకుల వీధి చివరికే వచ్చి ఆగింది. లాకు మీద నిలబడి పిలిస్తే పలికే దూరంలో ఉన్న తాయారు ఇల్లు మొత్తం డివిజనుకే శివారైంది.

పటం పట్టుకుని నిలబడ్డ అబ్బులు పెద్దవాళ్ళ మీటింగులో మొదటిసారి గొంతు సవరించుకున్నాడు. ఇక్కడ ఆయకట్టుదారులు లేరు గనక మాట్లాడచ్చు.

"శివారు నుంచి మొదలెడితే బాగుంటుందేమోనండి."

సదానందంగారు కిటికీలోంచి బయటికి చూశారు. కాసేపటికి ఆయన అదే మాటని ఇంకొంచెం పొడుగ్గా, 'చిట్టచివరి లబ్ధిదారు నుండి తొలి విడుదల' అని తన మాటగా చెప్పారు. అందరూ బల్లలు చరిచారు. కాలువ నీళ్ళు వదిలే రోజే మంత్రిగారి చేతుల మీదుగా ఛార్జి కూడా వదలాలని, మొదటి ఫోను తాయారమ్మగారిదని ఖాయమైంది.

ఆ రోజు లాకు దగ్గర పెద్ద పందిరి వేశారు. మంత్రిగారు వచ్చారు. తాయారు అన్నయ్య కూడా ఆటో కట్టించుకుని వచ్చి, దాన్ని పందిరి పక్కనే ఆపి, డ్రైవరుని ఇంజను ఆపొద్దన్నాడు. తాయారు కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఆ చీర ఎందుకు కట్టిందో అబ్బులుకి తెలియలేదు. అడగడానికి వీల్లేదు. ప్రధాన అడాప్టరు పసిపిల్లాడంత ఉంది. అబ్బులు దాన్ని పీట మీద పెట్టి, పీటని రెండు చేతులతో పట్టుకుని మంత్రిగారి పక్కన నిలబడ్డాడు. వెనక గొడుగు ఉంది.

ఏటా నీళ్ళు వదిలే ముందు గోదారమ్మకి పసుపు కుంకుమ, పూలు, చీర, సారె సమర్పించడం ఆనవాయితీ. విడుదల అన్నది ఏదైనా ఆ పద్ధతి తప్పకూడదని సదానందంగారి పట్టు. పురోహితుడు అడాప్టరుకి పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు. ఆడవాళ్ళు దానికి పట్టుచీర చుట్టారు. అది చూడ ముచ్చటగానే ఉంది.

తాయారు ఫోను వైరుకి తగిలించారు. ఫోను వెలిగింది. పందిరంతా చప్పట్లు. శివారు చెల్లెమ్మ ఎవరితో మాట్లాడాలనుకుంటే వాళ్ళతో మాట్లాడచ్చని మంత్రిగారు మైకులో అన్నారు. అందరికీ వినబడాలని ఫోనుని మైకు దగ్గర పెట్టించారు. తాయారు నంబరు నొక్కింది.

మీరు ఫోను చేస్తున్న వారు ప్రస్తుతం స్విచాఫ్ చేసి ఉన్నారని మైకులోంచి ఒక ఆడగొంతు ఊరందరికీ చెప్పింది.

"ఎవరికమ్మా?" అన్నారు మంత్రిగారు.

"లస్కరు గారికండి."

"ఏ లస్కరు?"

"మీ పక్కన పీట పట్టుకున్నాయనకండి."

జనం గొల్లుమన్నారు. మంత్రిగారు సదానందంగారి వైపు చూశారు. కాపలాదారు ఆయకట్టుదారు కాజాలడని సదానందంగారు ఆయన చెవిలో ఊదారు. మంత్రిగారికి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు పూజ కానివ్వమనడం ఆయన అలవాటు. పురోహితుడు కొబ్బరికాయ అందించాడు. మంత్రిగారు దాన్ని పీట అంచుకి కొట్టి, ఏటా కాలువలోకి వంచినట్టే, ఆ నీళ్ళు భక్తిగా అడాప్టరు మీదకి వంచారు.

నీలంగా ఒక వెలుగు వచ్చింది. తాటికాయ పడ్డట్టు చప్పుడైంది. పట్టుచీర కమురు వాసన వేసింది. మైకు పోయింది. ఫ్యాన్లు పోయాయి. డివిజనులో మిగిలి ఉన్న ఒకే ఒక్క అడాప్టరు పీట మీద పొగ వదులుతూ కూర్చుంది. అబ్బులు మొహం నిండా మసి, పసుపు. పురోహితుడు తప్ప అందరూ ఉన్నచోటనే ఉన్నారు.

ఏం చెయ్యాలో తెలియక అబ్బులు నోరు తెరిచాడు. అలవాటైన మాటే వచ్చింది.

"వంతు అయిపోయిందండి."

తాయారు ఆరిపోయిన ఫోనుకేసి చూసింది. దాన్ని చేతిసంచిలో పడేసి లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. చీర కొంగుతో అతని మొహం మీద మసి తుడుద్దామనుకుని, కొత్త చీర కదాని మానుకుంది.

"ఇన్నాళ్ళూ ఫోన్లోనే చెబుదామనుకున్నానండి. ఇంక ఆ ముచ్చట తీరేట్టు లేదు. నాకు ఇష్టమే. శ్రావణంలో పెట్టించండి ముహూర్తం. ఛార్జర్లు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకుందాం."

మైకు లేకపోవడం వల్ల ఆ మాటలు ఆఖరి వరస దాకా శుభ్రంగా వినబడ్డాయి. అన్నయ్య చెయ్యి ఊపి ఆటో ఇంజను ఆపించాడు. అబ్బులుకి చెప్పవలసినవి చాలా ఉన్నాయి. వెనక్కి తిరిగి చూశాడు. గొడుగు అక్కడే ఉంది. ఉన్న రెండింట్లో ఈసారి ఇంకోటి ఎంచుకున్నాడు.

"వంతు వచ్చిందండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆలోచించి గొడుగు ముడిచాడు. మాట నిబంధనల ప్రకారమే ఉంది.

ఏదో ఒకటి వదలకపోతే బాగుండదని మంత్రిగారు లాకు తలుపు ఎత్తించారు. నీళ్ళు బుసకొడుతూ వచ్చాయి. పాత అడాప్టర్ల బస్తాలు వేసిన చోట గట్టు చెక్కు చెదరలేదు. పథకంలో ఇంతవరకూ ఫలితం ఇచ్చింది ఆ ముక్కే.

కాలువల పని మొదలైంది గనక అడాప్టర్ల పని దానంతటదే ఆగిపోయింది. జనం పట్నం వెళ్ళి రకరకాల ఛార్జర్లు కొనుక్కుని డబ్బాల్లో చిక్కులు పెట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు మిగతా సగం గడ్డం గీసుకున్నారు. సదానందంగారు మాత్రం పైకి నివేదిక పంపాలి. చిట్టచివరి లబ్ధిదారు నుండి సందేశము విజయవంతముగా చేరినది అని రాశారు. రాసి, కలం ఆపేశారు. ఆయన నిజాయితీ గల మనిషి. అడాప్టరు కాలిపోయింది, ఆమె ఫోను ఆరిపోయింది, ఇతని ఫోను అంతకు ముందే చచ్చింది. మరి సందేశం ఎలా చేరింది? అబ్బులు దగ్గర లెక్కలో లేని పరికరం ఏదో ఉందని ఆయనకి అనుమానం తగిలింది. పిలిపించారు.

"ఏ పరికరము ద్వారా స్వీకరించితివి?"

"చెవులతోనండి."

"ఎన్ని?"

"రెండండి."

"ఆమె వద్ద?"

"ఆవిడకీ రెండేనండి."

"రెండు జతలును ఒకే రకమా?"

అబ్బులు కొంచెం ఆలోచించాడు. "ఆవిడవి కాస్త చిన్నవండి. పని మాత్రం ఒకటేనండి."

సదానందంగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్ళల్లో పాత మెరుపు ఉంది. ఆ సాయంత్రమే రాజధానికి ఉత్తరం వెళ్ళింది. ఛార్జి అవసరము లేకుండ పనిచేయు ఒకే రకము పరికరములు ప్రజల వద్ద పెద్ద ఎత్తున నిరుపయోగముగా ఉన్నట్లు తమ దృష్టికి వచ్చినదని, రానున్న శ్రావణమాసమున లాకుల వీధిలో ఒక ఇంటిలోనే ఇటువంటివి నాలుగు చేరనున్నవని, ఒక ఇంటికి ఎన్ని చాలునో నిర్ణయించి తెలుపవలసినదని అందులో ఉంది.

శ్రావణంలో పెళ్ళి అయింది. రాజధాని నుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా అబ్బులూ తాయారూ నాలుగూ వాడుకుంటున్నారు.